మోకాలి ఆపరేషన్‌కు ముందు మూడు నెలలు: అమ్మ కొలతల డైరీ

ఇంట్లో పెద్దవాళ్లకు మోకీలు మార్పిడి ఆపరేషన్ రాసి ఉంటే, "ముందు షుగరు తగ్గించుకు రండి, రక్తం పెంచుకు రండి" అని డాక్టరు పంపేసి ఉంటే, ఈ డైరీ పనికొస్తుంది. మందుల పేర్లు, మోతాదులు అమ్మవి. అవి ఎవరికి వారు తమ డాక్టరుతో తేల్చుకోవాల్సినవి. కొలిచే పద్ధతులు, కుర్చీ పలకలు, గుమ్మం కొలతలు మాత్రం నిరభ్యంతరంగా వాడుకోవచ్చు.

స్టేజ్ 0: తేదీ ఎందుకు వెనక్కి పోయింది

అమ్మకు 64 ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగాయి, కుడిది మరీ ఎక్కువ. హైదరాబాద్‌లో సర్జన్ ఎక్స్‌రే చూసి ఆపరేషన్ తప్పదన్నారు, కానీ ఇప్పుడే చెయ్యనన్నారు. దానికి కారణం సెప్టెంబరులో మా ఖమ్మంలో ఒక క్లినిక్‌లో వేసిన ఇంజెక్షన్. గుజ్జు ఇంజెక్షన్ అని చెప్పి వేశారు. బిల్లు వెనకాల అంటించిన స్టిక్కరు మీద ట్రయామ్సినలోన్ అని ఉంది. అది గుజ్జు కాదు, స్టిరాయిడ్. స్టిరాయిడ్ వేసిన మోకాలికి మూడు నెలల లోపు ఆపరేషన్ చేస్తే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. పెట్టిన కీలుకు ఇన్ఫెక్షన్ పడితే ఒక్కోసారి దాన్ని తీసేసి మళ్లీ పెట్టాల్సి వస్తుంది. పైగా ఆ ఇంజెక్షన్ తర్వాత వారం పాటు అమ్మ షుగరు 300 దాటింది. మోకాలికి వేసిన మందు షుగరును కూడా పెంచుతుందని ఆ క్లినిక్‌లో ఎవరూ చెప్పలేదు.

కాబట్టి తేదీ డిసెంబరు చివరికి పోయింది. సర్జన్ ఒక కాగితం మీద నాలుగు లైన్లు రాసిచ్చారు: హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష) 7.5 లోపు, హిమోగ్లోబిన్ 12 పైన, పళ్లు చర్మం శుభ్రం, తొడ బలం. "బరువు తగ్గితే మంచిదే, కానీ నాకు ముందు తొడ కావాలి" అన్నారు. ఆ మాట విలువ మాకు అక్టోబరు చివర్లో గానీ తెలిసిరాలేదు.

అక్టోబరు మొదటి వారం కొలతలు:

బరువు 78 కిలోలు, ఎత్తు 152 సెం.మీ. (బీఎంఐ దాదాపు 34)
హెచ్‌బీఏ1సీ 9.1
హిమోగ్లోబిన్ 10.2, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) 9
బీపీ 146/88
క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) మామూలుగానే ఉంది
కుడి తొడ చుట్టుకొలత 44 సెం.మీ., ఎడమ 46
కుర్చీ పరీక్ష: 5
లేచి నడిచే పరీక్ష: 19 సెకన్లు
కుడి మోకాలు ఒంగేది 95 డిగ్రీలు, పూర్తిగా చాపితే ఇంకా 10 డిగ్రీల వంపు మిగులుతోంది

కొలిచే పద్ధతి ప్రతిసారీ ఒకటే ఉండాలి. లేకపోతే మారింది మనిషా, టేపా తెలియదు.

1. బరువు: పొద్దున బాత్‌రూంకు వెళ్లొచ్చాక, కాఫీకి ముందు, అదే నైటీతో. మెషీన్ గచ్చు మీదే ఉండాలి, చాప మీద కాదు.
2. తొడ: మోకాలి చిప్ప పై అంచు నుంచి 10 సెం.మీ. పైకి పెన్నుతో గీత. పడుకుని, కాలు వదులుగా ఉంచి, దర్జీ టేపుతో.
3. కుర్చీ పరీక్ష: 43 సెం.మీ. ఎత్తున్న కుర్చీ, గోడకు ఆనించాలి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడితే అంత. చేతులు ఆనిస్తే ఆ లెక్క చెల్లదు.
4. లేచి నడిచే పరీక్ష: కుర్చీలోంచి లేచి, 3 మీటర్ల దూరంలో పెట్టిన గీత దాకా నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క.
5. మోకాలి వంపు: పక్క నుంచి ఫోన్‌తో ఫోటో తీసి, స్కూలు కోణమానిని దాని మీద పెట్టి చూడటమే. ఫిజియో కొలిచినదానికి మాకు అయిదు డిగ్రీల తేడా వచ్చింది. మార్పు చూసుకోవడానికి అది చాలు.

ఖర్చు: పరీక్షలు 2,600, గ్లూకోమీటర్, స్ట్రిప్‌లు 1,500, వంటింటి కాటా, టేపు 400. మొత్తం 4,500 రూపాయలు.

స్టేజ్ 1: బరువు తగ్గింది, మనిషీ తగ్గింది (అక్టోబరు)

ఇంటికొచ్చిన ప్రతి చుట్టం చెప్పేది ఒకటే: "బరువు తగ్గాలమ్మా." ఆ మాటలో నిజం లేకపోలేదు. ఒంట్లో ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల దాకా భారం తగ్గుతుంది. అందుకని మొదటి ప్లాన్ పూర్తిగా తగ్గింపు మీదే నడిచింది. పొద్దున సొరకాయ జ్యూస్, మధ్యాహ్నం అన్నం సగానికి సగం, రాత్రి రెండు ఇడ్లీలు లేదా ఒక జామకాయ.

మూడు వారాలకు బరువు 75.4. అమ్మ ముఖం వెలిగిపోయింది. అదే రోజు మిగతావి కొలిస్తే:

కుర్చీ పరీక్ష 5 నుంచి 4
కుడి తొడ 44 నుంచి 43
పరగడుపు షుగరు 160ల నుంచి 150లకు
మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు ఇంకా 240

"బరువు తగ్గమన్నారు, తగ్గాను. ఇంకేం కావాలే నీకు?" అంది అమ్మ. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. పోయిన రెండున్నర కిలోల్లో కొవ్వుతో పాటు కండ కూడా ఉంది. ఆపరేషన్ అయిన మర్నాడు వాకర్ పట్టుకుని లేవాల్సింది ఆ కండతోనే.

అదే వారం ఒకరోజు పదకొండు గంటలప్పుడు ఒళ్లు చెమటలు పట్టి, చేతులు వణికాయి. గ్లూకోమీటర్ పెడితే 62. అమ్మ వేసుకునే షుగరు మాత్ర గ్లిమెపిరైడ్ తిండి తగ్గినా పనిచేస్తూనే ఉంటుంది. తినేది సగం చేసి మాత్ర పూర్తిగా వేసుకుంటే షుగరు పడిపోక ఏమవుతుంది? వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటకు మళ్లీ చూస్తే 94. షుగరు డాక్టరు గ్లిమెపిరైడ్ సగానికి తగ్గించారు, మెట్‌ఫార్మిన్ అలాగే ఉంచి డాపాగ్లిఫ్లోజిన్ చేర్చారు. తిండి మార్చే ముందే మాత్రల చీటీ డాక్టరుకు చూపించాలని ఈ లైను కింద రెండు గీతలు గీసి పెట్టుకున్నాం.

ఏం మార్చాం

డైటీషియన్ తిన్నది మొత్తం కాటా మీద తూచి రాయమంది. లెక్క తేలేసరికి అమ్మకు రోజుకు ప్రొటీన్ 35 గ్రాములు దాటడం లేదు. కావాల్సింది 70 నుంచి 75. కిడ్నీల పరీక్ష బాగుంది కాబట్టే ఈ అంకె, లేకపోతే వేరుగా ఉండేదని కూడా చెప్పింది. కొత్త రోజు ఇలా కుదిరింది (అన్నీ పచ్చి తూకాలే):

పొద్దున: 50 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు (12 గ్రా.), ఒక గుడ్డు (6)
మధ్యాహ్నం: 60 గ్రాముల బియ్యం అన్నం (4), 40 గ్రాముల కందిపప్పు (9), ఆకుకూర, 150 గ్రాముల పెరుగు (5)
సాయంత్రం: 30 గ్రాముల వేయించిన శనగలు (6), గ్లాసు పాలు (6)
రాత్రి: 70 గ్రాముల పిండితో జొన్న రొట్టెలు (7), 30 గ్రాముల మీల్‌మేకర్ కూర (15) లేదా చికెన్

మొత్తం 70. కాగితం మీద కుదిరిన రెండో రోజే కార్తీకం మొదలైంది.

మా ఇంట్లో కార్తీకంలో గుడ్డు గడప దాటదు. గుడ్డు, చికెన్ రెండూ నెల పాటు పోయాయి. గుడ్డు బదులు పెసరట్టులో తురిమిన పనీర్ 35 గ్రాములు వేశాం, సరిపోయింది. రోజూ మీల్‌మేకర్ అంటే అమ్మ పళ్లెం పక్కకు నెట్టేసింది, దాంతో రోజు మార్చి రోజు పనీర్, ఉడికించిన శనగలు. అసలు గొడవ సోమవారాలది. "కార్తీక సోమవారం కూడా తినమంటావా? మీ నాయనమ్మ వింటే ఊరుకునేదా?" పగలంతా ఉపవాసం, నక్షత్రం చూశాక భోజనం, ఇన్నేళ్లుగా తప్పలేదు. డాక్టరును అడిగితే, ఆ పూట గ్లిమెపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్ రెండూ వద్దు, మూడు గంటలకొకసారి పాలు, పండు, మజ్జిగ తీసుకోవాలి, షుగరు 80 కంటే తగ్గితే ఉపవాసం అక్కడితో ఆపాలి అన్నారు. పాలూ పండూ ఉపవాసానికి అడ్డు కాదు కాబట్టి అమ్మ ఒప్పుకుంది. ఆ సోమవారాల్లో ప్రొటీన్ 45 దాటలేదు. దాన్ని వదిలేశాం. ఒక్క రోజు లోటు కోసం ఇంట్లో యుద్ధం పెట్టుకుంటే మిగతా ఆరు రోజులూ పోతాయి.

నవంబరు మూడో వారానికి బరువు 74.6. తగ్గుదల నెమ్మదించింది, కానీ తొడ 44కు తిరిగొచ్చింది.

ఖర్చు: డైటీషియన్ 500, స్ట్రిప్‌లు 900. ఇప్పటిదాకా మొత్తం 5,900.

స్టేజ్ 2: రక్తం (అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారం)

ఎక్కువ సమయం తిన్నది, ఎక్కువ నేర్పింది ఈ స్టేజే.

నెల రోజులు ఐరన్ మాత్ర వేసుకున్నాక హిమోగ్లోబిన్ 10.2 నుంచి 10.3కి వచ్చింది. మాత్ర తప్పలేదు. నాన్న క్యాలెండర్ మీద టిక్కు పెడుతూనే ఉన్నారు. మరి ఐరన్ ఎటు పోయినట్టు? ఒక రోజు పొద్దున ఎనిమిదికి అమ్మ పక్కన కూర్చుని చూసినదంతా రాస్తే:

7.30 పాంటోప్రజోల్ (ఎసిడిటీ మాత్ర)
8.15 టిఫిను
8.30 ఐరన్ మాత్ర, క్యాల్షియం మాత్ర ఒకే గుక్కలో
8.35 టీ

ఐరన్‌కు అడ్డుపడేవన్నీ ఒక గంటలో వరస కట్టాయి. టీలోని టానిన్‌లు ఐరన్‌ను పట్టేస్తాయి, క్యాల్షియం దానికి పోటీ వస్తుంది, ఎసిడిటీ మాత్ర కడుపులో ఆమ్లాన్ని తగ్గించి ఐరన్ కరగకుండా చేస్తుంది. ఐరన్‌ను రోజు మార్చి రోజు, పరగడుపున నిమ్మరసంతో మార్చాం. టీ గంటన్నర తర్వాత, క్యాల్షియం రాత్రికి. మలబద్ధకం కూడా కొంచెం సర్దుకుంది.

ఫిజిషియన్ ఇంకో ప్రశ్న వేశారు, మాకు తట్టనిది. నెలసరి ఆగిపోయి పదిహేనేళ్లయిన మనిషికి ఐరన్ ఎందుకు తగ్గుతుంది? తిండి ఒక్కటే కారణమని సరిపెట్టుకోకూడదు, రక్తం ఎక్కడైనా కారుతోందేమో చూడాలి. మలంలో రక్తం పరీక్ష పాజిటివ్. ఎండోస్కోపీలో కడుపు లోపలి పొర మీద చిన్న చిన్న పుళ్లు. దానికి మూలం ఇంట్లోనే దొరికింది: మోకాలి నొప్పికి ఏళ్లుగా వాడుతున్న డైక్లోఫెనాక్. మందుల షాపులో చీటీ లేకుండానే ఇచ్చేస్తారు, అమ్మ దాన్ని మాత్రల్లో జమే వెయ్యదు, "అది నొప్పి బిళ్లే కదా" అంటుంది. డైక్లోఫెనాక్ ఆపి పారాసెటమాల్‌కు మార్చారు. పాంటోప్రజోల్ మాత్రం పుండు మానేదాకా కొనసాగాలి, అంటే ఐరన్ మాత్రకు ఆ అడ్డు అలాగే ఉంటుంది.

ఆపరేషన్‌కు ఇంకా ఆరు వారాలే ఉంది కాబట్టి మాత్రలతో అందుకోలేమని తేలింది. నవంబరు రెండో వారంలో ఫెర్రిక్ కార్బాక్సిమాల్టోజ్ అనే ఐరన్ మందు 1000 మిల్లీగ్రాములు సెలైన్‌లో ఎక్కించారు. ఎక్కింది పావుగంటలోనే, తర్వాత అరగంట పరిశీలనలో ఉంచారు. సూది పెట్టిన చోట మందు బయటికి కారితే గోధుమ రంగు మచ్చ నెలల తరబడి ఉండిపోతుందని నర్సు చెయ్యి కదపనివ్వలేదు.

డిసెంబరు మొదటి వారం: హిమోగ్లోబిన్ 12.1.

అదే రిపోర్టులో హెచ్‌బీఏ1సీ 7.1. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. నాకు ఎక్కడో తేడా కొట్టింది, ఎందుకంటే గ్లూకోమీటర్ పుస్తకంలో అంత మంచి అంకెలు లేవు. హెచ్‌బీఏ1సీ ఎర్ర కణాలకు అంటిన చక్కెరను కొలుస్తుంది. కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, అందుకే అది రెండు మూడు నెలల సగటు చెబుతుంది. ఐరన్ లోపంలో పాత కణాలు ఎక్కువ కాబట్టి ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. ఐరన్ ఎక్కించాక కొత్త కణాలు గుంపుగా వస్తాయి. వాటికి చక్కెర అంటేంత వయసు ఇంకా రాలేదు, అంకె ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తుంది. అంటే అక్టోబరు 9.1 కొంచెం అతిశయోక్తి, డిసెంబరు 7.1 కొంచెం మొహమాటం.

సరిచూసుకోవడానికి లెక్క: సగటు షుగరుకు 46.7 కలిపి 28.7తో భాగిస్తే దానికి సరిపడే హెచ్‌బీఏ1సీ వస్తుంది. మా పుస్తకంలో నవంబరు సగటు 168. కలిపి భాగిస్తే దాదాపు 7.5. వేలు పొడిచి చూసే రీడింగులు రోజంతటికీ సగటు కావు, అందుకే దీన్ని ముతక లెక్కగానే చూడాలి. అయినా సర్జన్‌కు రెండు అంకెలూ, పుస్తకమూ చూపించాం. ఆయన పుస్తకమే ఎక్కువసేపు చూశారు. పరగడుపు అంకెలు 110 నుంచి 130 మధ్య నిలకడగా ఉండటం ఆయనకు నచ్చింది.

ఖర్చు: మళ్లీ రక్త పరీక్ష 300, ఎండోస్కోపీ 2,500, ఐరన్ సెలైన్, బెడ్డు చార్జీ 6,200. మొత్తం 14,900.

స్టేజ్ 3: తొడ, పలకలు (అక్టోబరు చివరి నుంచి)

యూట్యూబ్‌లో చూసి మొదలుపెట్టిన గోడకానుకుని కూర్చునే వ్యాయామం రెండో రోజుకే మోకాలిని ఉబ్బించింది. చిప్ప మధ్యన చుట్టుకొలత పొద్దున 41, సాయంత్రానికి 43. అరిగిన మోకాలు బాగా వంచి భారం వేస్తే ఊరుకోదు. వారం విశ్రాంతి పోయాక ఫిజియో వచ్చి క్రమం మార్చారు.

రోజుకు రెండు పూటలా:

1. చీలమండ దగ్గర పాదం పైకీ కిందికీ, 20 సార్లు. ఆపరేషన్ తర్వాత కాలిలో రక్తం గడ్డకట్టకుండా చేయించేదీ ఇదే, కాబట్టి ముందే అలవాటు.
2. మోకాలి కింద చుట్టిన టవల్, దాన్ని మోకాలితో మంచానికేసి నొక్కాలి. 5 సెకన్లు పట్టి వదలాలి, 15 సార్లు.
3. రెండో కాలు ముడిచి, ఈ కాలు నిటారుగా జానెడు పైకి. 10 సార్లు. మోకాలు వంగితే లెక్కలోకి రాదు.
4. మడమ మంచం మీద జరుపుతూ కాలు ముడవటం. సిల్కు చీర ముక్క మడమ కింద వేస్తే జారుతుంది.
5. కుర్చీలోంచి లేవడం, పలకలతో. 8 సార్లు.
6. కుర్చీ చేతుల మీద అరచేతులు నొక్కి ఒంటిని పైకి లేపడం. 8 సార్లు. వాకర్ పట్టేది చేతులే మరి.

నొప్పికి ఒక గీత పెట్టుకున్నాం. పదికి నాలుగు దాకా పర్వాలేదు, మర్నాడు పొద్దునకు మామూలుకు రావాలి. రాకపోతే ఆ రోజు అన్నీ సగం.

అయిదోది మొదట కుదరలేదు. 43 సెం.మీ. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా అమ్మ నాలుగుసార్లకే అలిసిపోయేది. ఎత్తు పెంచితే తేలికవుతుంది, బలం వచ్చే కొద్దీ దించుకుంటూ రావచ్చు. మడతపెట్టిన బొంతలు వేసి చూశాం. కూర్చోగానే అణిగిపోయి, ఏ రోజు ఎంత ఎత్తో తెలిసేది కాదు, పైగా జారేవి. కుర్చీ కాళ్ల కింద ఇటుకలు పెట్టడం నాన్న ఆలోచన. అది ఊగింది, వెంటనే తీసేశాం.

చివరికి వడ్రంగి చేత 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను టేకు కుర్చీ సీటుకు సరిపోయేలా నాలుగు పలకలు కోయించాం. ఒక్కో పలకకు కింద రెండు చిన్న చెక్క మేకులు, పైన రెండు చిల్లులు, ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి, జరగవు. సీటుకు చిల్లులు పెట్టడానికి మాత్రం అమ్మ ఒప్పుకోలేదు, అది తన పెళ్లినాటి కుర్చీ. అట్టడుగు పలక మేకులు తీసేసి కింద రబ్బరు చాప ముక్క అంటించాం. నాలుగూ పెడితే ఎత్తు దాదాపు 50.5.

పలకల చరిత్ర:

నాలుగు పలకలు: 8 సార్లు హాయిగా
మూడు: నాలుగైదు రోజుల్లోనే అలవాటు
రెండు: ఇక్కడ ఇరుక్కున్నాం. రెండు వారాలు 6 దాటలేదు. ఫిజియో పాదాలను కుర్చీ వైపు ఇంకొంచెం లోపలికి జరిపించి, లేచేటప్పుడు ముక్కు కాలి వేళ్ల దాకా రావాలన్నారు. ఆ రోజే 8.
ఒకటి: డిసెంబరు మొదటి వారం
ఖాళీ కుర్చీ: డిసెంబరు మధ్యలో

లేచేటప్పుడు కంటే కూర్చునేటప్పుడు నెమ్మదిగా దిగడం కష్టం. అమ్మ ధబీమని కూలబడేది. "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెడుతూ కూర్చోమంటే, ఆవిడ అంకెల బదులు "నమఃశివాయ" అనుకుంటూ దిగింది. సరిగ్గా మూడు సెకన్లు.

ఖర్చు: పలకలు 350, ఫిజియో 4,000. మొత్తం 19,250.

స్టేజ్ 4: ఊపిరి, పళ్లు, పాదాలు

ఊపిరి వ్యాయామానికి మూడు బంతుల స్పైరోమీటర్ కొన్నాం, 350 రూపాయలు. మొదటి వారం బంతి ఒక్కటీ లేవలేదు, పరికరం పాడైందనుకుని మార్పించబోయాం. అమ్మ బుడగ ఊదినట్టు అందులోకి ఊదుతోంది. దీన్ని పీల్చాలి, ఊదకూడదు. బంతుల మీద 600, 900, 1200 అని రాసి ఉంటుంది, సెకనుకు పీల్చే గాలి అది, మిల్లీలీటర్లలో. రెండో బంతిని మూడు సెకన్లు నిలబెట్టగలిగింది. మూడోదాన్ని పట్టించుకోలేదు, రెండోది నిలకడగా ఉంటే చాలన్నారు.

పళ్లు: ఒక దవడ పన్ను కదులుతోంది, చిగురులో చీము. నోట్లోని సూక్ష్మజీవులు రక్తంలో కలిసి కొత్త కీలుకు చేరే అవకాశం ఉంది కాబట్టి నవంబరులోనే పీకించి, క్లీనింగ్ చేయించాం. చివరి వారానికి అట్టిపెట్టుకుంటే పుండు మానదు, తేదీ మళ్లీ జరుగుతుంది. 1,900 రూపాయలు.

పాదాలు: మడమల పగుళ్లు, కాలి వేళ్ల సందుల్లో ఒరుపు. రాత్రి గోరువెచ్చని నీళ్లతో కడిగి, సందులు పొడిగుడ్డతో తుడిచి, డాక్టరు రాసిన క్రీమ్. మడమలకు వ్యాజ్‌లిన్, మేజోళ్లు. పసుపు పూసి ఊరుకుంటే తగ్గేది కాదిది, పైగా పసుపు రంగులో ఎర్రదనం కనపడదు. కాలికి రేజరు మాత్రం ఇంట్లో ముట్టించవద్దని గట్టిగా చెప్పారు. కంటికి కనపడని గాట్లు పడితే అవే ఇన్ఫెక్షన్‌కు దారి.

మొత్తం 21,500.

స్టేజ్ 5: గుమ్మం

వాకర్ వెడల్పు 58 సెం.మీ. మా బాత్‌రూం గుమ్మం, తలుపు తెరిచాక, 56. వాకర్ కొన్నాక కొలిస్తే తెలిసిన సంగతి ఇది. దుకాణంలో దీనికంటే సన్నది లేదు. వాకర్‌ను అడ్డంగా తిప్పి లోపలికి వెళ్లొచ్చని దుకాణదారు చూపించాడు. తడి నేల మీద, కుట్లున్న కాలితో ఆ విన్యాసం మాకొద్దనిపించింది. తలుపు ఊడదీయించాం. తలుపు మందం, బందులు పోయేసరికి గుమ్మం 60 అయింది, వాకర్ దూరింది. తలుపు బదులు పరదా. "పరదా ఏంటే, ఇదేమన్నా నాటకాల స్టేజా?" అని అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. బయట కర్రకు గంట కట్టాక సర్దుకుంది.

బాత్‌రూం గడప 7 సెం.మీ. ఎత్తు. వాలుగా సిమెంటు పోయించాం, 70 సెం.మీ. పొడవునా. మొదట 30 పొడవే పోశాడు మేస్త్రి, వాకర్ ముందు కాళ్లు ఎక్కి వెనక కాళ్లు గాల్లో లేచాయి. మళ్లీ పోయించాం.

లోపలున్నది మన పద్ధతి దొడ్డి. దాని మీద పెట్టే స్టీలు కమోడ్ స్టూలు కొన్నాం, ఎత్తు 46కి పెట్టాం. పక్క గోడకు రెండు పట్టుకునే కడ్డీలు. కడ్డీల ఎత్తు మేస్త్రి అంచనాకు వదలకుండా, అమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి మోచెయ్యి దగ్గర పెన్సిల్ గీత గీయించాం.

వాకర్ ఎత్తు: నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలితే మణికట్టు గీత దగ్గరకు పిడి రావాలి. ఆపరేషన్‌కు ముందే రోజూ హాల్లో రెండు చుట్లు తిప్పాం. క్రమం: వాకర్, నొప్పి కాలు, మంచి కాలు.

ఖర్చు: వాకర్ 1,400, కమోడ్ స్టూలు 2,200, కడ్డీలు 1,300, మేస్త్రి 1,000. మొత్తం 27,400.

స్టేజ్ 6: మత్తు డాక్టరు చీటీ (డిసెంబరు మూడో వారం)

చివరి కొలతలు, అక్టోబరువి బ్రాకెట్లలో:

బరువు 73.8 (78)
హిమోగ్లోబిన్ 12.3 (10.2)
హెచ్‌బీఏ1సీ 7.1, మీటర్ లెక్కన 7.5 (9.1)
బీపీ 134/82 (146/88)
కుర్చీ పరీక్ష 9 (5)
లేచి నడిచే పరీక్ష 13.5 సెకన్లు (19)
కుడి తొడ 44.5 (44)
మోకాలి వంపు 105 (95), చాపితే మిగిలే వంపు 8 (10)

చాపితే మిగిలే వంపు పెద్దగా తగ్గలేదు. ఎముక అంచుల్లో పెరిగిన ముళ్ల వల్ల అది వ్యాయామంతో పోయేది కాదని, ఆపరేషన్‌లోనే సరిచేస్తామని సర్జన్ ముందే చెప్పి ఉంటే ఆ వ్యాయామానికి పెట్టిన సమయం తొడకు పెట్టేవాళ్లం.

మత్తు డాక్టరు మాత్రల సంచీ మొత్తం బల్ల మీద కుమ్మరించమన్నారు. అమ్మ సంచీలో మా చీటీలో లేనివి రెండు బయటపడ్డాయి: పక్కింటివాళ్లిచ్చిన ఆయుర్వేద నొప్పి మాత్రలు, సగం వాడిన డైక్లోఫెనాక్ స్ట్రిప్పు. "కార్తీక పున్నమి రోజు గుళ్లో చాలాసేపు నిలబడ్డా, అప్పుడు వేసుకున్నా" అంది. రెండూ అక్కడే చెత్తబుట్టలోకి.

ఆయన రాసిచ్చింది ఫ్రిజ్ మీద అంటించాం:

1. డాపాగ్లిఫ్లోజిన్ ఆపరేషన్‌కు మూడు రోజుల ముందే ఆపాలి. షుగరు మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉంది.
2. ఆ రోజు పొద్దున గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండూ వద్దు.
3. బీపీ మాత్ర ఆయన గీత గీసిన ఒక్కటే, గుక్కెడు నీళ్లతో.
4. ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. పాలు కూడా తిండి కిందే లెక్క. రెండు గంటల ముందు దాకా మంచినీళ్లు తాగవచ్చు.
5. ముందు రాత్రి, ఆ పొద్దున ఆసుపత్రి వాళ్లిచ్చిన క్లోర్‌హెక్సిడిన్ ద్రవంతో స్నానం. తర్వాత నూనె, పౌడరు, పసుపు ఏవీ వద్దు.

నాలుగోది నాన్నకు రెండుసార్లు చదివి వినిపించాం. కాఫీలో పాలుంటాయని, అమ్మ అడిగితే ఇచ్చే మనిషి ఆయనే.

ఖర్చు: చివరి పరీక్షలు, ఈసీజీ, ఎకో, మత్తు డాక్టరు ఫీజు 3,200. మొత్తం 30,600. ఆపరేషన్ బిల్లు ఇందులో లేదు. కీలు ధర మాత్రం ముందే అడిగి రాయించుకోండి. 2017 ఆగస్టు నుంచి మోకీళ్ల ధరకు కేంద్రం గరిష్ఠ పరిమితి పెట్టింది, అప్పట్లో మామూలు కోబాల్ట్ క్రోమియం రకానికి అది 54,720 రూపాయలు, జీఎస్టీ అదనం. బిల్లులో కీలు లైను విడిగా చూపించమని అడగడం మన హక్కు.

ఎడమ మోకాలి సంగతి కుడిది నిలబడ్డాక, మూడు నెలలు పోయాక చూద్దామన్నారు సర్జన్. అందుకని పలకలు అటక ఎక్కలేదు. ఎడమ కాలికి అదే క్రమం ఆసుపత్రిలో కూడా మంచం మీద చేయించవచ్చని ఫిజియో రాసిచ్చారు, అయిదోది తప్ప. ఎడమ తొడ ఇవాళ్టి కొలత 46.5.